గట్టు దారిలో మూడేళ్లు: మామూలు డిఫరెన్షియల్, తానే బిగిసే డిఫరెన్షియల్

కైకలూరు దగ్గర మా చేపల చెరువులకు వెళ్లే గట్టు దారి అంతా నల్లమట్టి. ఎండాకాలంలో ఇనుము, ఒక్క జల్లు పడితే సబ్బు. ఆ దారిలో పదకొండేళ్లు మామూలు డిఫరెన్షియల్ (ఇంజను బలాన్ని రెండు చక్రాలకు పంచుతూ, మలుపులో అవి వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే గేర్ల అమరిక) ఉన్న పాత బండి నడిపాను. 2022 నుంచి మహీంద్రా బొలెరో నియో, ఎన్10 ఆప్షనల్ రకం నడుపుతున్నాను. రెండింటికీ ఇంజను బలం వెనక చక్రాలకే. తేడా ఇరుసు మధ్యలో ఉబ్బెత్తుగా ఉండే గుండులో ఉంది. ఈ రకానికి మెకానికల్ లాకింగ్ డిఫరెన్షియల్ ఇచ్చారు. మీటలు, బటన్లు ఏమీ ఉండవు, అవసరమైతే అదే బిగుస్తుంది.

మామూలు డిఫరెన్షియల్ రెండు చక్రాలకూ బలాన్ని సమానంగా పంచుతుంది. చిక్కంతా అక్కడే. బురదలో ఉన్న చక్రం గిర్రున తిరగడానికి ఎంత కొంచెం బలం చాలునో, గట్టి నేల మీదున్న రెండో చక్రానికీ అంతే దక్కుతుంది. ఒకటి తిరుగుతుంటే ఇంకొకటి చోద్యం చూస్తుంది. పాత బండిలో నా చిట్కా హ్యాండ్ బ్రేకు. రెండు మూడు పళ్లు లాగి ఉంచితే తిరిగే చక్రానికి అడ్డు తగిలి రెండో వైపుకూ కాస్త బలం వెళ్లేది. సగం సార్లు బయటపడేవాణ్ణి. మిగతా సగం ట్రాక్టరు, తాడు, చుట్టూ సలహాలిచ్చే జనం.

మొదటి వానాకాలంలో కొత్త బండి కూడా దిగబడింది. తప్పు నాదే. చక్రం జారగానే యాక్సిలరేటర్ మీంచి కాలు తీయడం పాత అలవాటు. దీనికి అది పనికిరాదు. రెండు చక్రాల మధ్య నిమిషానికి దాదాపు 100 చుట్ల తేడా వస్తేనే లోపలి చిన్న బరువులు విచ్చుకుని, కొక్కేనికి తగిలి, ప్లేట్లను నొక్కి ఇరుసును బిగిస్తాయి. అంటే ముందు జారనివ్వాలి. "ఆపకండి బాబుగారూ, ఇంకొంచెం తొక్కండి" అని మా కాపలాదారు అరిస్తే తొక్కాను. మట్టి పెళ్లలు కిటికీ దాకా లేచాయి. కింద ఠక్కుమని దెబ్బ, మరుక్షణం కుడి చక్రం నేలను కరిచి బండిని ముందుకు తోసింది. ఏదో విరిగిందనుకుని దిగి చూశాను. నా చెప్పు ఒకటి బురదలో పోవడం తప్ప నష్టమేమీ లేదు.

గట్టు చెరువు వైపు వాలిన చోట మాత్రం పాతదే నయం. అందులో తిరగని చక్రం బండి వెనక భాగాన్ని నిలబెడుతుంది. ఇరుసు బిగిస్తే రెండూ కలిసి జారతాయి. ఒకసారి తోక జానెడు మేర నీళ్ల వైపు జరిగింది. అప్పటినుంచి అలాంటి చోట బండి ఆపి నడిచే వెళుతున్నాను.

లిమిటెడ్ స్లిప్ అని పిలిచే మిగతా రకాల సంగతి వేరు. అవి కొద్దికొద్దిగా పట్టు ఇస్తాయి, తారురోడ్డు మీద వేగంగా మలుపు తిరిగేవారికి బాగుంటాయి. గేర్లతో పనిచేసే టోర్సెన్ రకం, జారే చక్రానికి అందే బలానికి కొన్ని రెట్లు రెండో చక్రానికి ఇస్తుంది. కానీ ఒక చక్రం గాల్లోకి లేస్తే దాని బలం సున్నా, సున్నాను ఎన్ని రెట్లు చేసినా సున్నాయే. మా గుంతల్లో చక్రం లేవడం రోజూ ఉండేదే.

భీమవరం రోడ్డెక్కితే రెండు బండ్లకూ తేడా తెలియదు. పట్టణం దాటని వారు దీనికోసం ఎక్కువ డబ్బు పెట్టనక్కర్లేదు. మంచి టైర్లు వేయించుకోండి. నా తాడు ఇంకా సీటు వెనకే ఉంది. గత వానాకాలంలో వెనక చక్రాలు రెండూ ఒకేసారి ఊబిలో దిగినప్పుడు ట్రాక్టరుకు కట్టింది దాన్నే.