అనంతపురంలో మైక్రోబయాలజీ ట్యూషన్: చివరికి నాకు కుదిరిన సార్

అనంతపురంలో ఈఏపీసెట్‌కో, నీట్‌కో, కానిస్టేబుల్ పరీక్షకో కోచింగ్ కావాలంటే టవర్ క్లాక్ దగ్గర నిలబడి చుట్టూ ఒకసారి చూస్తే చాలు, బోర్డులే బోర్డులు. డిగ్రీ మైక్రోబయాలజీకి ట్యూషన్ కావాలని అడిగితే మాత్రం ఎవరూ పలకరు. కెమిస్ట్రీకి దొరుకుతారు. బోటనీ సార్లు "మైక్రో కూడా చెప్తాంలేమ్మా" అంటారు, ఆ 'కూడా' దగ్గరే మనకు డౌట్ మొదలవుతుంది. ఇంటర్ దాకా తెలుగు మీడియంలో చదివి, ఒక్కసారిగా ఇంగ్లీషు పుస్తకం ముందు కూలబడిన నాలాంటి వాళ్లకు పనికొస్తుందని ఇది రాస్తున్నా.

నేను ముందు చేరింది ఒక కోచింగ్ సెంటర్లో. పేరు అనవసరం. హాలు నిండా పిల్లలు, మైకు, డిక్టేషన్. బ్యాక్టీరియా కణకవచం గురించి పది మార్కుల జవాబు చక్కగా రాయించారు. బ్యాక్టీరియాకు రంగు వేసి రెండు రకాలుగా విడదీసే గ్రామ్ స్టెయినింగ్‌లో ఆల్కహాల్ ఎందుకు పోస్తారు సార్ అని అడిగితే "అది పరీక్షలో రాదు" అన్నారు. అక్కడితో నా ఫీజు నీళ్లపాలు. ఆ తర్వాత ఆన్‌లైన్లో గంటకు ఐదు వందలు తీసుకునే ఒక మేడమ్ దగ్గర కొన్ని క్లాసులు విన్నా. ఆమెను తప్పు పట్టను. యాంటీబాడీల పాఠం ఆమె చెప్పినట్టు ఇంకెవరూ చెప్పలేదు. కానీ ప్రాక్టికల్స్ దగ్గర ఆమె స్క్రీన్ మీద బొమ్మ చూపించేది, నేను చూసేదాన్ని, అంతే. ఈ సబ్జెక్టు చేతికి రంగు అంటకుండా రాదు.

మా సీనియర్ అక్క చెప్తే సాయినగర్ వైపు ఉండే ఈ సార్ దగ్గరికి వెళ్లా. లెక్చరర్‌గా రిటైరయ్యారు. ఇంటి వరండాలో రెండు బెంచీలు, ఒక నల్లబల్ల, గుడ్డ కప్పిన పాత మైక్రోస్కోపు. మొదటి క్లాసుకు డబ్బులు తీసుకోరు. సిలబస్ ఏంది, మార్కులెన్ని అని అడగలేదు. "మీది ఏ ఊరు పాపా, ఇంట్లో పశువులున్నాయా?" అన్నారు. కళ్యాణదుర్గం దగ్గర పల్లె సార్, గొర్లున్నాయి అన్నా.

"గొర్రె దొమ్మతో చస్తే మీ నాయన ఏం చేస్తాడు?"

"కోయనీడు సార్. లోతుగా గుంత తీసి పూడ్చేస్తాడు."

"కోస్తే ఏమవుతుంది?"

రోగం అంటుకుంటుంది అన్నా. అది సగం జవాబే అంటూ మొదలుపెట్టారు. దొమ్మ అంటే ఆంత్రాక్స్, దాన్ని తెచ్చేది బాసిల్లస్ ఆంత్రాసిస్. కళేబరాన్ని కోయకుండా వదిలితే లోపల ఆక్సిజన్ ఉండదు, కుళ్లుతుంటే ఆ బ్యాక్టీరియా చాలావరకు చచ్చిపోతుంది. కోసి గాలి తగలనిచ్చామా, అవి స్పోర్లుగా మారిపోతాయి. స్పోరు ఎండకు, కరువుకు లొంగదు, మట్టిలో పదుల ఏళ్లు పడి ఉంటుంది. ఆ బీట్లో మేసిన మందకు మళ్లీ దొమ్మ. 1876లో జర్మన్ డాక్టర్ రాబర్ట్ కాక్ ఈ స్పోరు గుట్టు విప్పాడు, 1881లో ఫ్రెంచ్ శాస్త్రవేత్త పాశ్చర్ అందరి ముందూ గొర్రెలకు టీకా వేసి నిరూపించాడు అని చెప్పి, "మీ నాయన ఈ రీసెర్చ్ పేపర్లు చదవలేదు, అయినా చేసేది సరిగ్గా చేస్తున్నాడు" అన్నారు. ఎండోస్పోర్ పాఠం నాకు ఆరోజే అయిపోయింది. పుస్తకంలో నాలుగు పేజీలు అది.

వెనకాలే చిటుక రోగం. తొలకరి వానలకు పచ్చిక మొలిచాక, మందలో బాగా బలిసిన పిల్లే ఉన్నట్టుండి ఎందుకు పడిపోతుంది? లేత గడ్డి ఒక్కసారిగా ఎక్కువ మేస్తే, ఆక్సిజన్ లేని పేగులో ముందు నుంచే ఉన్న క్లాస్ట్రీడియం పర్‌ఫ్రింజెన్స్ అనే బ్యాక్టీరియా విపరీతంగా పెరిగి విషం వదులుతుంది. అందుకే వానలకు ముందే టీకా. ఆక్సిజన్ లేని చోటే పెరిగే బ్యాక్టీరియా గురించి నాకు ఇంకెవరూ చెప్పనక్కర్లేకపోయింది. ఆ వారం ఇంటికి పోయి నాయనకు చెప్తే "ఇది చదవడానికా మ్మే నిన్ను టౌన్‌కు పంపింది, నన్నడిగితే చెప్పేవాణ్ణి కదా" అన్నాడు.

ప్రాక్టికల్స్ గురించి కొంచెం ఎక్కువ రాస్తా, నేను ఇక్కడే ఉండిపోవడానికి కారణం అవే. మొదటి గ్రామ్ స్టెయినింగ్‌కు సార్ ఒక పుల్ల ఇచ్చి పంటి మొదట్లో గీకమన్నారు. చుక్క నీళ్లలో కలిపి స్లయిడ్ మీద పూసి, ఆరాక దీపం మంట మీదుగా మూడుసార్లు ఆడించాలి. క్రిస్టల్ వయొలెట్ అనే ఊదా రంగు ఒక నిమిషం, కడిగి అయోడిన్ ఒక నిమిషం. ఇక్కడిదాకా ఎవరైనా చేస్తారు. ఆల్కహాల్ పోసేటప్పుడు సార్ నా పక్కనే నిలబడి స్లయిడ్ వాల్చి పట్టుకోమన్నారు. ఊదా రంగు కారుతున్నంతసేపు పోయనిచ్చి, కారేది తెల్లబడగానే "ఆపు, కడుగు" అన్నారు. ఆ కొన్ని సెకన్లే మొత్తం పరీక్ష. తక్కువ పోస్తే అన్నీ ఊదాగానే మిగులుతాయి, ఎక్కువ పోస్తే పాజిటివ్‌లు కూడా రంగు పోగొట్టుకొని నెగెటివ్‌లా కనబడతాయి. కణకవచంలో పెప్టిడోగ్లైకాన్ పొర మందంగా ఉన్నవి రంగును పట్టి ఉంచుతాయి, అవి పాజిటివ్; పలచగా ఉన్నవి వదిలేస్తాయి, అవి నెగెటివ్. ఆఖర్న సాఫ్రనిన్ అనే గులాబీ రంగు. ఆయిల్ చుక్క వేసి వంద ఎక్స్ లెన్సు దించి చూస్తే, ఊదా గుండ్లు, గులాబీ పుల్లలు, మధ్యలో పెద్దగా నా సొంత చెంప కణాలు. నా నోట్లోవే ఇవన్నీ అనుకుంటే ఆ పూట టిఫిన్ దిగలేదు.

ల్యాబు సామాన్లను ఆవిరితో క్రిమిరహితం చేసే ఆటోక్లేవ్ పాఠానికి సార్ వాళ్ల వంటింటి కుక్కర్ వరండాలోకి వచ్చింది. ఆవిరి బుస్సుమని వచ్చాకే వెయిట్ ఎందుకు పెడతారు అని అడిగారు. అమ్మ అట్లే చేస్తుంది కాబట్టి అన్నాడు మా బ్యాచ్ అబ్బాయి. లోపలి గాలి ముందు బయటికి పోవాలి. గాలి మిగిలిపోతే మీటర్లో 15 పౌండ్ల ప్రెషర్ చూపించినా లోపల 121 డిగ్రీలు రావు, స్పోర్లు బతికిపోతాయి. 121 డిగ్రీలు, 15 పౌండ్లు, 15 నిమిషాలు అని అందరం బట్టీ పట్టిందే. ఆ మూడు అంకెలకు ఒకదానితో ఒకదానికి సంబంధం ఉందని అక్కడే తెలిసింది.

చేలో చెనక్కాయ (వేరుశెనగ) ఉన్న కాలంలో అయితే చెట్టు వేర్లతో సహా తెమ్మంటారు. వేరు బుడిపెను బ్లేడుతో కోస్తే లోపల లేత ఎరుపు. అది లెగ్‌హీమోగ్లోబిన్, బుడిపె పనిచేస్తోందనడానికి గుర్తు. లోపల పచ్చగానో బూడిదగానో ఉంటే నత్రజని పట్టే పని ఆగిపోయినట్టే. అదే చెనక్కాయకు పంట చివర్లో బెట్ట తగిలితే ఆస్పర్‌జిల్లస్ ఫ్లేవస్ బూజు పట్టి అఫ్లాటాక్సిన్ చేరుతుందని, 1960లో ఇంగ్లండులో టర్కీ కోళ్లు లక్షకు పైగా చచ్చిపోయాక ఆ విషం సంగతి బయటపడిందని చెప్పారు. మన జిల్లాలో ఈ పాఠం చెప్పడానికి ఇంతకంటే మంచి వస్తువు లేదు.

ఇక బాగాలేనివి. ఇమ్యునాలజీ సార్ త్వరగా దాటేస్తారు. మాలిక్యులర్ బయాలజీ అడిగితే "అది మీ మేడమ్‌ను అడుగు" అంటారు. వాటికి ఐఐటీల వాళ్లు పెట్టిన ఎన్‌పీటెల్ వీడియోలు ఫ్రీగా ఉన్నాయి, నేను అవే చూస్తున్నా. పేర్లు పాతవి వాడతారు. స్ట్రెప్టోకాకస్ ఫీకాలిస్ అని బల్ల మీద రాస్తారు, అది 1984లోనే ఎంటరోకాకస్ అయిపోయింది. లాక్టోబాసిల్లస్ ప్రజాతిని 2020లో ముక్కలు ముక్కలుగా విడదీశారని చెప్తే "అట్లనా, వాళ్లకు పనేముంది" అని నవ్వారు. కాబట్టి పేర్లు మాత్రం పుస్తకంలో సరిచూసుకొని రాయండి. ఇంపార్టెంట్ ప్రశ్నలు ఇవ్వరు, అడిగితే కోపం. పరీక్షకు వారం ముందు టెన్షన్‌తో వచ్చేవాళ్లకు ఇక్కడ ఏమీ దొరకదు.

టైమింగ్ కూడా ఇబ్బందే. పొద్దున ఆరున్నరకు క్లాసు, ఐదు నిమిషాలు లేటైతే వరండా మెట్ల మీద కూర్చోవాలి. హాస్టల్ గేటు ఆ వేళకు తీయించడానికి వార్డెన్ చుట్టూ తిరగాల్సి వచ్చింది. మైక్రోస్కోపు ఒక్కటే కాబట్టి బ్యాచ్‌లో ఆరుగురిని మించి తీసుకోరు, అది మనకు మంచిదే. ఇంకో సంగతి, రోగాలు తెచ్చే బ్యాక్టీరియాను పెంచే పని ఏదీ ఇంట్లో చేయించరు. ప్లేట్ల మీద కల్చర్ చేద్దాం సార్ అని మేమెంత బతిమాలినా "ఇది ఇల్లు, ల్యాబు కాదు" అనేశారు. టీబీ, దొమ్మ లాంటివి పాత పర్మనెంట్ స్లయిడ్లలోనే చూపిస్తారు. ఇంట్లో కల్చర్లు చేయిస్తామని గొప్పగా చెప్పే ట్యూటర్ ఎవరైనా కనబడితే అటు పోకండి.

ఫీజు నెలకు పదిహేను వందలు, వారానికి మూడు రోజులు. రంగులు, స్లయిడ్ల ఖర్చు అందులోనే. రెండు విడతల్లో ఇస్తానన్నా ఏమీ అనలేదు.

వేరే ఊళ్లో ఉండి ట్యూటర్‌ను వెతుకుతున్న వాళ్లు డెమో క్లాసులో ఒక్క ప్రశ్న అడిగి చూడండి: గ్రామ్ స్టెయినింగ్‌లో ఏ స్టెప్పులో ఎక్కువ మంది తప్పు చేస్తారు, ఎందుకు? ఆల్కహాల్ అని చెప్పి కారణం కూడా వివరిస్తే చేరండి. నోట్స్‌లో ఉంది చూసుకో అంటే చెప్పులేసుకొని వచ్చేయండి.

సార్ నంబర్ ఇక్కడ పెట్టడం లేదు, ఆయనకు ఇష్టం ఉండదు, పెట్టినా ఫోన్ ఎత్తరు. కాలేజీలో మైక్రో సీనియర్లను అడిగితే ఇల్లు చెప్తారు. కొత్త బ్యాచ్ సెమిస్టర్ మొదట్లోనే నిండిపోతుంది, మధ్యలో చేర్చుకోరు.