చీమకుర్తి పక్కన రామతీర్థం: చూడొచ్చా, ఉండొచ్చా?

ఫోన్‌ మ్యాప్‌లో రామతీర్థం అని కొడితే ముందు విజయనగరం జిల్లా నెల్లిమర్ల దగ్గరి రామతీర్థం చూపిస్తుంది. ఇంకాస్త వెతికితే నెల్లూరు జిల్లా విడవలూరు మండలంలో సముద్రం ఒడ్డునున్న రామతీర్థం వస్తుంది. రెండూ పేరున్న క్షేత్రాలే. నేను చెప్పబోయేది ఆ రెండింటి గురించి కాదు, ప్రకాశం జిల్లా చీమకుర్తి మండలంలో ఉన్న రామతీర్థం గురించి. దీన్ని వెతుక్కుంటూ వచ్చే యాత్రికులు తక్కువ, రాయి కోసం వచ్చే వ్యాపారులు ఎక్కువ. కారు మాట్లాడుకునేటప్పుడు ‘చీమకుర్తి రామతీర్థం’ అని కలిపి చెప్పండి.

నల్లరాతిలో బంగారు రంగు చుక్కలు మెరిసే బ్లాక్ గెలాక్సీ గ్రానైట్‌ను మీరెక్కడో ఒకచోట చూసే ఉంటారు. చైనా నుంచి ఇటలీ దాకా ఎగుమతయ్యే ఆ రాయి దొరికేది చీమకుర్తి, రామతీర్థం, బూదవాడ చుట్టుపక్కలే. ఊళ్లో సగం జీవితం రాయి మీద, మిగతా సగం పొగాకు, మిరప, సుబాబుల్, జామాయిల్ మీద నడుస్తుంది. మా ఆడబిడ్డ అత్తగారి ఊరు అక్కడికి దగ్గర. ఎన్నాళ్లనుంచో రమ్మంటున్నారు కదా అని జనవరి చివర్లో కుటుంబంతో బయల్దేరాం.

ఒంగోలు దాకా ప్రయాణానికి టెన్షన్ లేదు. విజయవాడ–చెన్నై మెయిన్ లైన్ మీద స్టేషను, ఊరి పక్కనే 16వ నంబరు జాతీయ రహదారి. అక్కణ్నుంచి పొదిలి, మార్కాపురం వైపు పోయే ఆర్టీసీ బస్సులు కర్నూలు రోడ్డు పట్టుకుని చీమకుర్తి మీదుగా వెళతాయి. 20 కిలోమీటర్లకు కాస్త పైన, ముప్పావుగంట పడుతుంది. చీమకుర్తిలో దిగి ఆటో మాట్లాడుకోవాలి. ఒకవైపుకే మాట్లాడుకుంటే తిరిగొచ్చేటప్పుడు దొరకదు, రానూపోనూ ఇంతని ముందే తేల్చుకోండి. పొద్దు గూకాక ఎంత ఇస్తామన్నా రావడం కష్టమే. దారిలో లారీకి ఒకే ఒక్క రాతి దిమ్మె, దానికి గొలుసులు, మెల్లగా మూలుగుతూ పోతుంటాయి. బైకు మీద వెళ్లేవాళ్లు వాటి వెనక ఉండొద్దు. కళ్లలో రాతిపొడి పడుతుంది.

బస విషయానికొస్తే, దగ్గర కదా అని ముందు చీమకుర్తిలోనే ఒక లాడ్జిలో దిగాం. కౌంటర్లో కుర్రాడు మా ఆయన్ని అడిగిన మొదటి ప్రశ్న: ‘ఏ క్వారీకి వచ్చారు సార్?’ ఊరు చూడ్డానికి వచ్చామంటే నమ్మలేదు. పిల్లల్ని, నన్ను, సామాన్లను మార్చి మార్చి చూసి, ఆధార్ కార్డు రెండోసారి అడిగాడు. ఇక్కడి లాడ్జీలు రాయి కొనేవాళ్ల కోసం, మెషిన్ల రిపేరుకి వచ్చేవాళ్ల కోసం పెట్టినవి. గది శుభ్రంగానే ఉంది. మెట్లు, నేల, ఆఖరికి బాత్రూమ్‌లో సబ్బు పెట్టుకునే గట్టు కూడా గెలాక్సీ రాయే. హైదరాబాద్‌లో ఆ రాయి వేయించుకున్న స్టార్ హోటల్ గది అద్దె ఎంతుంటుందో లెక్కేసుకుని మావాళ్లు కాసేపు నవ్వుకున్నారు. కానీ గీజరు పనిచేయలేదు, వేణ్నీళ్లు బకెట్‌తో తెచ్చిచ్చారు. రాత్రంతా లారీల హారన్లు. సాయంత్రం తుడిచిన కిటికీ గట్టు మీద తెల్లారేసరికి వేలితో పేరు రాసేంత దుమ్ము. మర్నాడు ఒంగోలుకు మారిపోయాం. బస్టాండ్ దగ్గర 1,800 రూపాయలకు ఏసీ గది, టిఫిన్‌తో కలిపి. చిన్నపిల్లలున్నా, పెద్దవాళ్లకు ఆయాసం ఉన్నా ఒంగోలులోనే దిగి పగలు వెళ్లి రావడం మేలు. పొద్దున్నే క్వారీ వైపు వెళ్లాలనుకునే కుర్రాళ్లయితే చీమకుర్తిలో ఒక రాత్రి సర్దుకోవచ్చు. రామతీర్థంలో మాకు లాడ్జి కనిపించలేదు, కనీసం ఆడవాళ్లకు పనికొచ్చే టాయిలెట్ కూడా కనిపించలేదు. చీమకుర్తి పెట్రోల్ బంకులోనే పని ముగించుకుని బయల్దేరండి.

ఇక క్వారీ. టికెట్ కొనుక్కుని లోపలికి పోయి చూసే చోటు కాదిది. లీజుదారుడో, మేనేజరో ఒప్పుకోవాలి, తలకు హెల్మెట్, కాళ్లకు బూట్లు ఉండాలి. మాకు బంధువుల పుణ్యాన అనుమతి దొరికింది, అదీ పై అంచు దాకా, పిల్లల్ని ఆఫీసు గదిలో కూర్చోబెట్టి వెళ్లాం. అనుమతి లేకపోతే రోడ్డు మీద నుంచే చూడండి, గేటు దగ్గర వాదన పెట్టుకోవద్దు. పైరాయి తీయడానికి మందు పేల్చేటప్పుడు సైరన్ మోగుతుంది, మోగితే ఎక్కడివాళ్లు అక్కడ ఆగిపోవాల్సిందే.

అంచున నిలబడి కిందికి చూస్తే వందల అడుగుల లోతు, మెట్లు మెట్లుగా కోసిన నల్లటి గోడలు. అసలు రాయిని పేల్చరు, పేలిస్తే పగుళ్లొచ్చి పనికిరాకుండా పోతుంది. వజ్రపు పూసలు గుచ్చిన ఇనుపతాడును రాతిలో తొలిచిన బెజ్జాల గుండా పోనిచ్చి, మోటారుతో తిప్పుతూ కోస్తారు. వేడెక్కకుండా నీళ్లు పడుతూనే ఉంటాయి, కోత సందులోంచి బూడిదరంగు బురద కారుతూ ఉంటుంది. ఆ చప్పుడు చెవుల్లో చాలాసేపు ఉండిపోయింది.

నన్ను ఆశ్చర్యపరిచింది మాత్రం లోతు కాదు. అక్కడ ఒక్క చుక్కా మెరవదు! కోసి పక్కన పెట్టిన దిమ్మెలన్నీ దుమ్ము పట్టి, ఏ ఊరి గుట్టలోనైనా దొరికే మామూలు రాళ్లలాగే ఉన్నాయి. ఇదేనా గెలాక్సీ అన్నాను. మేస్త్రీ ఏమీ మాట్లాడకుండా ప్లాస్టిక్ మగ్గుతో నీళ్లు తెచ్చి ఒక దిమ్మె మీద గుమ్మరించాడు. నీళ్లు జారిన మేర రాయి నల్లబడి, అందులోంచి రాగిరంగు చుక్కలు పైకి తేలాయి. కొనేవాళ్లు కూడా అలాగే చూస్తారట. నీళ్లు చల్లి, ఆరిపోయేలోగా చుట్టూ తిరిగి, వేలితో తడుముతూ సన్నటి గీత ఉందేమో వెతుకుతారు. తడి ముందు ఆరిపోయినా, పగులున్న చోట కాసేపు సన్నగా నిలిచి ఉంటుంది. ఒక్క గీత కనిపించిందా, బేరం మారిపోతుంది.

ఆ చుక్కలు బంగారమూ కాదు, అభ్రకమూ కాదు. బ్రాంజైట్ అనే ఖనిజం. శాస్త్రం ప్రకారం ఈ రాయి గ్రానైటే కాదు, గాబ్రో జాతి. భూమి లోతున కరిగిన శిలాద్రవం నెమ్మదిగా చల్లారి గడ్డకట్టి ఇలా తయారైంది. వయసు వంద కోట్ల ఏళ్లకు పైమాటే. పాలిష్ పట్టే గట్టిరాళ్లన్నిటినీ గ్రానైట్ అనేయడం వ్యాపారంలో అలవాటు.

ఊరి చుట్టూ కనిపించే గుట్టల్లో చాలావరకు దేవుడు పెట్టినవి కావు, టిప్పర్లు పోసినవి. తవ్విన దాంట్లో దిమ్మెగా పనికొచ్చేది కొంతే, మిగతాదంతా వేస్టు. ఫొటోలకు బాగుంటాయని వాటిపైకి ఎక్కే కుర్రాళ్లను చూశాం. వద్దు, కింద రాయి కదులుతుంది.

గుడి సంగతి రెండు ముక్కల్లో చెబుతాను. రామలింగేశ్వరస్వామి ఆలయం, రాముడు ప్రతిష్ఠించిన లింగమని ఊరివాళ్లు చెబుతారు. మేం వెళ్లినప్పుడు పూజారిగారు, మేము తప్ప ఎవరూ లేరు. నిదానంగా దర్శనమైంది. శివరాత్రికైతే కాలు పెట్టే చోటుండదన్నారు. ప్రశాంతత కావాలంటే ఆ రోజు తప్పించి వెళ్లండి, సందడి కావాలంటే ఆ రోజే వెళ్లండి.

పిల్లలకు నచ్చింది మాత్రం రిజర్వాయరు. నాగార్జునసాగర్ కుడికాలువ నీళ్లు ఒంగోలు బ్రాంచి కాలువలో వచ్చి ఇక్కడ నిలుస్తాయి. ఈ నీళ్లే ఒంగోలుకు తాగడానికి కూడా ఆధారం. కట్ట మీద సాయంత్రం గాలి బాగుంటుంది. బెంచీలూ, రెయిలింగూ, బజ్జీల బండీ ఏమీ లేవు. తినేవి మీరే తీసుకెళ్లాలి, కవర్లు మీరే వెనక్కి తెచ్చుకోవాలి. ఈత మాటెత్తొద్దు.

ఈ ఊరికి వచ్చి క్వారీ చూసి వెళ్లిపోతే సగమే చూసినట్టు. డిసెంబరు నుంచి మార్చి దాకా ఎటు చూసినా పొగాకు పనే. మా ఆడబిడ్డ మామగారిని నేను బాబాయిగారూ అంటాను. ఆయన పొగాకును వేడి మీద ఎండబెట్టే బ్యారన్ దగ్గరికి తీసుకెళ్లారు. ఇటుకల ఎత్తుగది, లోపల వరసలు వరసలుగా వాసాలు. బయట చెట్టుకింద ఆడవాళ్లు కూర్చుని, పొద్దున రెలిచిన, అంటే మొక్క నుంచి కోసిన ఆకును రెండేసి మూడేసి కలిపి కర్రకు అటూ ఇటూ దారంతో అల్లుతున్నారు. మాట ఆగదు, చెయ్యీ ఆగదు. నేనూ ఒక కర్ర పట్టుకున్నాను. సగం అల్లేసరికి వేళ్లకు నల్లటి జిగురు పట్టింది, సబ్బుకు లొంగలేదు. నేనల్లిన కర్రను ఒకామె చూసి, నవ్వి, దారమంతా విప్పి మళ్లీ అల్లుకుంది.

కర్రలన్నీ లోపలికెక్కించి తలుపు మూశాక పొయ్యి వెలిగిస్తారు. 35 డిగ్రీల దగ్గర మొదలుపెట్టి, ఆకు పసుపు తిరిగాక కొద్దికొద్దిగా వేడి పెంచుకుంటూ, ఈనె ఎండేసరికి 70 దాకా తీసుకెళతారు. అయిదారు రోజుల పని. రాత్రి కునుకు పట్టి పొయ్యి చల్లబడినా, మంట ఎక్కువైనా ఆకు రంగు పోతుంది. అందుకే ఈ నెలల్లో బాబాయిగారి మంచం బ్యారన్ ముందే. ఎండిన ఆకును గ్రేడుగా విడదీసి చెక్కులు, అంటే బేళ్లు కట్టి, పొగాకు బోర్డు వేలం కేంద్రానికి తోలతారు. రేటు రంగును బట్టి.

క్వారీ దుమ్ము సంగతి అడిగాను. ‘ఆకు మీద దుమ్ము పడితే రంగు తగ్గుద్దమ్మాయ్. వాన పడితే కడుక్కుపోద్ది. ఈ కాలంలో వాన ఏడ పడుద్ది?’ అన్నారు. గోతుల్లోకి ఊట దిగి చుట్టుపక్కల బావులు ఎండుతున్నాయని కూడా ఆయన మాట. మరి అడగరా అంటే పొయ్యిలో కట్టె ఎగదోస్తూ, ‘మావోడు ఆడే టిప్పరు తోలతాడు. ఏమని అడిగేది?’ అన్నారు. ఆ జీతంతోనే ఈ ఏడు పొగాకుకు పెట్టుబడి పెట్టారట.

తిండికి లోటు లేదు. చీమకుర్తి మెస్సులో భోజనం 100 రూపాయలు. పప్పు, గోంగూర, మజ్జిగ పులుసు, అడక్కుండానే వచ్చే రెండో విడత అన్నం. ఒడిశా, బిహార్, ఝార్ఖండ్ నుంచి వచ్చిన కార్మికులు ఎక్కువ కాబట్టి హిందీ బోర్డుల డాబాలూ ఉన్నాయి. వేడి రొట్టె, ఆలూ కూర చవగ్గా బాగున్నాయి. అన్నిటికంటే బాబాయిగారింట్లో కొత్త పండుమిర్చి పచ్చడికి నా ఓటు. తిరుగు ప్రయాణంలో ఒంగోలులో అల్లూరయ్య మైసూర్‌పాక్ కొనడం మా ఇంట్లో ఆనవాయితీ, దాని గురించి నేను కొత్తగా చెప్పేదేముంది.

ఇంకొకటి చూశాం, అదీ అనుకోకుండా. పక్క చేలో ఒక రైతు ఒంగోలు గిత్తల జతను బండలాగుడు పోటీలకు సాధన చేయిస్తున్నాడు. పాలపళ్ల విభాగం, రెండు పళ్లు, నాలుగు పళ్లు, ఇలా పళ్లను బట్టి, అంటే గిత్తల వయసును బట్టి పోటీలుంటాయి. ఈ జాతి ఎప్పుడో బ్రెజిల్ వెళ్లి అక్కడ నెలోర్ అనే పేరుతో కోట్లలో పెరిగింది. ఇక్కడ మాత్రం దుక్కి ట్రాక్టర్ల పాలైపోయి, ఇలా పోటీల కోసం ముచ్చటపడి పెంచేవాళ్ల దగ్గరే ఎక్కువగా కనిపిస్తున్నాయి. పశువులంటే ఇష్టమున్నవాళ్లు ఒంగోలు దగ్గర చదలవాడ పశుక్షేత్రం గురించి కనుక్కోండి, లోపలికి వెళ్లడానికి అనుమతి కావాలి.

డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా మంచి సమయం. ఏప్రిల్ దాటితే రాయి వేడికి ఊరంతా సెగ. అక్టోబరు, నవంబరు వానల్లో ఆ లారీల దారులు బురదే. సముద్రం కావాలనే పిల్లలుంటే ఇటు రాకుండా ఒంగోలు నుంచి కొత్తపట్నం బీచికి తీసుకెళ్లండి, గొడవుండదు.

అసలు మా ఆయన ఉత్సాహంగా బయల్దేరింది వంటగట్టు రాయి కోసం. చీమకుర్తి రోడ్డు పక్కన పాలిషింగ్ ఫ్యాక్టరీల్లో శ్లాబులు నిలబెట్టి ఉంటాయి, చదరపు అడుగు లెక్కన అమ్ముతారు. చుక్క సైజును బట్టి, చుక్కలు సమంగా పరుచుకున్నాయా లేదా అన్నదాన్ని బట్టి రేటు. మొదటివాడు చెప్పిన ధరకు మూడోచోట పావువంతు తగ్గింది, కాబట్టి తిరగాల్సిందే. మీ మేస్త్రీని వెంట తెచ్చుకోండి. శ్లాబును నీడలో కాకుండా ఎండలో ఏటవాలుగా పెట్టించి చూడండి. పగుళ్లను రెజిన్‌తో పూడ్చి పాలిష్ పడితే ఎదురుగా చూసినప్పుడు తెలియదు. రవాణాకు విడిగా బండి మాట్లాడితే రాయికంటే కిరాయే ఎక్కువవుతుంది, మీ ఊరివైపు వెళ్లే లోడులో కలిపి పంపమనండి. దారిలో విరిగితే ఎవరిది బాధ్యతో బిల్లు మీద రాయించుకున్నాకే డబ్బు కట్టండి.