కోతి పానా, ఉన్ని స్వెటర్ హ్యామ్‌స్టర్: ఏ తిక్క మేలు?

పాయింట్ అండ్ క్లిక్ ఆటల్లో, అంటే మౌస్‌తో తెర మీది వస్తువుల్ని నొక్కుతూ చిక్కుముడులు విప్పే కంప్యూటర్ ఆటల్లో, తిక్క లేకపోతే మజా లేదు. కనిపించిందల్లా జేబులో కుక్కుకోవడం, పనికిరాని వస్తువుని ఇంకో పనికిరాని వస్తువుకి తగిలించి చూడటం, ఆటంతా అదే. అలాగని తిక్కలన్నీ ఒకటి కావు. లూకాస్ఆర్ట్స్ అనే ఆటల కంపెనీ వాళ్లవే రెండు పజిల్స్ పక్కపక్కన పెట్టి చూద్దాం.

మొదటిది 1991 నాటి 'మంకీ ఐలాండ్ 2'లోది. ఒక జలపాతాన్ని ఆపాలి. దాని పంపు తిప్పాలంటే పానా కావాలి. పానా ఎక్కడా దొరకదు. ఇంకో దీవిలో, ఒక బార్‌లో పియానో వాయించే కోతి ఉంటుంది. అక్కడి మెట్రోనోమ్‌కి (తాళం కోసం అటూ ఇటూ ఊగే పరికరం) అరటిపండు తగిలిస్తే, ఊగే పండునే చూస్తూ కోతి బిగుసుకుపోతుంది. దాన్ని కోటులో దోపుకొచ్చి పంపు తిప్పాలి. ఎందుకంటే ఇంగ్లిష్‌లో ఒక రకం పానాని 'మంకీ రెంచ్' అంటారు. అదీ జోకు.

పానాకీ కోతికీ తెలుగులో ఏ చుట్టరికమూ లేదు. ఆ మాటకొస్తే స్పానర్ అనే అలవాటున్న బ్రిటన్ వాళ్లకీ ఇదే గతి. నేనైతే రెండు రోజులు ఆ పంపు దగ్గరే పడున్నాను. జేబులో ఉన్నవన్నీ వరసగా తగిలిస్తూ పోయి, విసుగొచ్చి కోతినీ తగిలించాను. తిరిగింది! నవ్వు మాత్రం రాలేదు. జోకు అర్థమయ్యేసరికి ఇంకో దీవిలో ఉన్నాను.

రెండోది 1993లో వచ్చిన 'డే ఆఫ్ ది టెంటకిల్'. ముగ్గురు స్నేహితులు, టైమ్ మెషీన్లుగా మూడు మరుగుదొడ్లు. బెర్నార్డ్ ఈ కాలంలో ఉంటాడు, హోగీ 200 ఏళ్లు వెనక్కి, లవర్న్ 200 ఏళ్లు ముందుకి పోతారు. వస్తువులు ఫ్లష్ చేసి ఒకరికొకరు పంపుకుంటారు. లవర్న్ మెషీన్‌కి కరెంటు కావాలి. కాబట్టి బెర్నార్డ్ ఇప్పుడే ఒక హ్యామ్‌స్టర్‌ని (ఎలుకలాంటి పెంపుడు ప్రాణి) ఐసు పెట్టెలో పడేస్తాడు. 200 ఏళ్ల తర్వాత లవర్న్ ఆ గడ్డకట్టిన ప్రాణిని తీసి మైక్రోవేవ్‌లో పెడుతుంది. బతుకుతుంది గానీ చలికి వణుకుతూనే ఉంటుంది. దానికో స్వెటర్ కావాలి. మనిషి స్వెటర్ దానికి పట్టదు కదా? అందుకని బెర్నార్డ్ స్వెటర్‌ని డ్రయ్యర్‌లో వేసి, నాణేలు దండిగా పోసి వదిలేస్తాడు. రెండు శతాబ్దాలు గిరగిరా తిరిగి అది హ్యామ్‌స్టర్ కొలతకి కుంచించుకుపోతుంది. ఇక అది వెచ్చగా చక్రం ఎక్కి పరిగెడుతుంది, కరెంటు పుడుతుంది.

ఇందులో ఒక్క మెట్టు కూడా బయటి నుంచి రాలేదు. ఐసులో పెడితే గడ్డకడుతుంది, డ్రయ్యర్‌లో ఉన్ని బట్ట కుంచించుకుపోతుంది. లోకానికి పిచ్చి, లెక్కకి కాదు. నా ఓటు దీనికే.

అయితే ఈ ఆట కూడా పూర్తి సాధువేం కాదు. ఒకచోట చెట్టుకి ఎర్ర రంగు వేస్తే, చెర్రీ చెట్టనుకుని అమెరికా తొలి అధ్యక్షుడు జార్జ్ వాషింగ్టన్ నరికేస్తాడు. చిన్నప్పుడు వాషింగ్టన్ చెర్రీ చెట్టు నరికాడని అమెరికా వాళ్లు చెప్పుకునే కథ తెలియనివాళ్లకి ఇదీ కోతి పానాలాంటిదే.

1999 నాటి 'గేబ్రియల్ నైట్ 3'లో పిల్లి వెంట్రుకలతో మీసం చేసి బైకు అద్దెకి తీసుకునే పజిల్ సంగతి వేరు. నవ్వించాలని పెట్టింది కాదు కాబట్టి పోటీలో లేనట్టే.

మంకీ ఐలాండ్‌ని తీసిపారేస్తున్నాననుకోకండి. నాకు అన్నిటికంటే ఇష్టమైన తిక్క 1990 నాటి మొదటి భాగంలోనే ఉంది. హీరో గైబ్రష్‌ని ఒక బరువైన విగ్రహానికి తాడుతో కట్టి నీళ్లలో తోసేస్తారు. అడుగున చుట్టూ కత్తులూ రంపాలూ, ఒక్కటీ అందదు. ఎలారా దేవుడా అని తలబద్దలు కొట్టుకుంటాం. విగ్రహాన్ని చేత్తో ఎత్తుకుని నడిచొచ్చేయడమే. పది నిమిషాలు ఊపిరి బిగబట్టగలనని అతను ముందే గొప్పలు చెప్పుకుని ఉంటాడు. ఆ పది నిమిషాల్లో మనకి తట్టలేదో, నిజంగానే చచ్చిపోతాడు. అప్పుడు స్క్రీన్ కింద 'తీసుకో', 'తెరువు' లాంటి ఆదేశాల చోట 'తేలు', 'ఉబ్బు', 'కుళ్లు' అని కనిపిస్తాయి. వాటి పక్కనే 'హింట్ బుక్ (పజిల్స్‌కి సూచనలిచ్చే పుస్తకం) ఆర్డర్ చెయ్యి' అని కూడా ఉంటుంది.