వెస్ ఆండర్సన్ ఫ్రేములు మొహం మొత్తాయా?

ఈ అమెరికన్ దర్శకుడి సినిమాలు చూసి చూసి మొహం మొత్తాయనే మూడేళ్లుగా అందరికీ చెబుతూ వచ్చాను. కొలిచి పెట్టినట్టు నడిమధ్యన నిలబడ్డ మనిషి, వెనక గులాబీ గోడ, పట్టాల మీద పక్కకి జారే కెమెరా, మొహంలో ఏ భావమూ లేకుండా గడగడా అప్పజెప్పే డైలాగు. పైగా 2023లో రీల్స్ తీసే ప్రతివాళ్లూ తమ రైలు ప్రయాణాన్ని కూడా ఇదే పద్ధతిలో తీసి పెట్టడంతో విసుగు ముదిరింది.

ఆ విసుగుతోనే మొన్న ‘ద గ్రాండ్ బుడాపెస్ట్ హోటల్’ మళ్లీ పెట్టాను. ఆయన పిచ్చి నాకు పట్టించిన సినిమా అదే. అరగంటకే ఆవులింతలు. హోటల్ లాబీలో కథానాయకుడు గుస్తావ్ నెత్తి తెర అంచుకి తగులుతోంది. థియేటర్లో చూసినప్పుడు మనుషుల తలల మీద బోలెడంత జాగా ఉండేది కదా! అనుమానం వచ్చి సెట్టింగులు వెతికితే ‘జూమ్’ ఆన్‌లో ఉంది. బొమ్మ పక్కన మిగిలే నల్ల పట్టీలు చికాకనిపించి, బొమ్మని తెరనిండా సాగదీసే ఆ జూమ్‌ని టీవీ కొన్న కొత్తలో నేనే పెట్టి మరిచిపోయాను. సబ్‌టైటిల్స్ వాడను కాబట్టి అవి తెగిపోతున్న సంగతీ తెలియలేదు. టీవీ కొని మూడేళ్లయింది.

ఈ సినిమాలో 1932 కథ దాదాపు చదరంగా ఉండే 1.37 ఫ్రేములో (ఎత్తు ఒకటైతే వెడల్పు 1.37), 1968 భాగం వెడల్పాటి స్కోప్‌లో ఉంటాయి. జూమ్ పెడితే మొదటిదానికి పైనా కిందా, రెండోదానికి పక్కలు, పావు వంతుకి దగ్గరగా ఎగిరిపోతాయి. తమాషా ఏమిటంటే, రెండువైపులా సమానంగా కోస్తుంది కాబట్టి మధ్యలో మనిషి మధ్యలోనే ఉంటాడు. ఇన్నాళ్లూ నాకు దక్కింది వాడొక్కడే.

జూమ్ తీసేసి మొదటి నుంచీ చూశాను. 1968లో వెలవెలబోయిన హోటల్లో అతిథులు ఎవరికి వాళ్లు ఆమడ దూరంలో కూర్చుంటారు. ఆ ఖాళీ అంతా పక్కల్లోనే ఉంది. అది కళ్లబడ్డాకే 1932 నాటి ఎర్ర లిఫ్టులో ఇరుక్కుని కూర్చున్నవాళ్లు అంత ముద్దొచ్చారు.

ఆ ఊపులో ‘ఆస్టరాయిడ్ సిటీ’ కూడా మళ్లీ చూశాను. రంగుల ఎడారి హాయిగా ఉంది. నలుపు తెలుపు నాటకం భాగం మాత్రం ఈసారీ నన్ను గుమ్మం బయటే నిలబెట్టింది. దానికి టీవీని తిట్టలేను. కెమెరా టక్కున ఎప్పుడు పక్కకి తిరుగుతుందో ముందే చెప్పేస్తున్నాను, ఇంట్లోవాళ్లు వద్దని మొత్తుకుంటున్నా. 2025లో వచ్చిన ‘ద ఫీనిషియన్ స్కీమ్’కి ఆయన పాత కెమెరామన్ రాబర్ట్ యోమన్ బదులు బ్రూనో డెల్బోనెల్ కెమెరా పట్టాడు. ఏదో మారుతుందని ఆశపడ్డాను. నడినెత్తి మీంచి తీసిన ఆ స్నానాల గది టైటిల్స్ చూడగానే అదే ఆండర్సన్ చెయ్యి అని తెలిసిపోయింది. బాగుంది కూడా, అదే చిక్కు.

పెద్ద తెర మీద చూసేవాళ్లు నా మాట పట్టించుకోనక్కర్లేదు. నేను చూసేది రాత్రి పది దాటాక, ఒక్కో సినిమా రెండు విడతల్లో. వరసగా మూడు చూస్తే ఇప్పటికీ వెగటే, ఏడాదికొకటైతే ఇష్టమే. ‘ద ఫ్రెంచ్ డిస్పాచ్’ చూసే కదా ఈయన పని అయిపోయిందని తేల్చేశాను, అదీ ఈ టీవీలోనే. దాన్ని మళ్లీ పెట్టడానికి ఇంకా ధైర్యం చాలట్లేదు.