50 వేల కారుకు 5 లక్షల ప్రయాణం: మా మారుతీ 800ను అమెరికా చేర్చిన ఏజెంటు సేవపై సమీక్ష

2023లో చెన్నైలోని ఒక క్లియరింగ్ ఏజెంటు (రేవులో కస్టమ్స్, ఓడ పనులు చూసిపెట్టే సంస్థ) ద్వారా మా నాన్న మారుతీ 800ను తెనాలి దగ్గరి మా ఊరి నుంచి నార్త్ కరోలినాలోని రాలీకి తెప్పించుకున్నాను. కారు క్షేమంగా వచ్చింది, గీత కూడా పడలేదు. ఆ సంస్థ చెన్నైలో చేసిన పనికి అయిదుకు నాలుగున్నర మార్కులు ఇస్తాను. అమెరికా ఒడ్డున వాళ్ల భాగస్వామి సంస్థ చేసిన పనికి ఒకటి. ఈ తేడా ఎందుకో వివరంగా రాస్తున్నాను. పాత కారును వెంట తెచ్చుకోవాలనుకునే వాళ్లు అడుగుతున్నది ఎప్పుడూ పన్ను ఎంత అనే. నేను కట్టిన కస్టమ్స్ సుంకం 15 డాలర్లు. మొత్తం ఖర్చు 6,539 డాలర్లు.

నాన్న పశువైద్యులు. 1997లో ఆ కారు కొన్నప్పటి నుంచి 2021 వరకు చుట్టుపక్కల ఊళ్లన్నీ అందులోనే తిరిగారు. డిక్కీలో మందుల పెట్టె, వెనక సీటులో ద్రవ నత్రజని క్యాను ఎప్పుడూ ఉండేవి. నేను డ్రైవింగ్ నేర్చుకున్నది ఆ కారులోనే, కాలువ గట్టు మీద. చూపు మందగించాక నాన్న నడపడం మానేశారు. 2022లో రిజిస్ట్రేషన్ గడువు మళ్లీ ముగిసింది. అదే ఏడాది ఏప్రిల్ నుంచి పాత కార్ల రెన్యువల్ రుసుము 600 రూపాయల నుంచి 5,000కు పెరిగింది. తమ్ముడు అమ్మేద్దామన్నాడు. పాత బండ్లు కొనే ఆయన 50 వేలు ఇస్తానన్నాడు. ఆ మాట విన్న రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మర్నాడు ఫోను చేసి, "అమ్మొద్దురా, నేను తెప్పించుకుంటాను" అన్నాను. "అక్కా, దాన్ని తెప్పించే డబ్బుతో అక్కడే మంచి కారు వస్తుంది కదా" అన్నాడు. వస్తుంది. నాకు కావలసింది ఆ మంచి కారు కాదు, నాన్న కారు.

అమెరికాలో ఈ పని సాధ్యమయ్యేది ఒక్క వెసులుబాటు వల్లే. ఇక్కడి భద్రతా ప్రమాణాలకు సరిపోని విదేశీ కారును మామూలుగా రానివ్వరు. తయారై 25 ఏళ్లు నిండితే ఆ ప్రమాణాలు వర్తించవు. కాలుష్య నిబంధనల నుంచి 21 ఏళ్లకే మినహాయింపు దొరుకుతుంది, కాకపోతే ఇంజిను మొదటి రూపంలోనే ఉండాలి. 25 ఏళ్లను మోడల్ సంవత్సరం నుంచి కాదు, తయారైన నెల నుంచి లెక్కిస్తారు. మన ఆర్‌సీలో తయారీ నెల ఉంటుంది కాబట్టి నాకు ఇబ్బంది కాలేదు. నాన్న 1997 నాటి షోరూం బిల్లును కూడా ప్లాస్టిక్ కవరులో దాచారు. అమెరికా రవాణా శాఖకు హెచ్ఎస్-7, పర్యావరణ సంస్థకు 3520-1 అనే ఫారాలు ఇవ్వాలి. రెండూ చిన్నవే. సరైన గడిలో గుర్తు పెట్టడమే పని.

ఇక సుంకం. ప్రయాణికుల కారుకు అప్పటి రేటు 2.5 శాతం. ఇండియాలో సుంకాన్ని ఓడ కిరాయి, బీమా కూడా కలిపిన విలువ మీద వేస్తారు. అమెరికాలో సముద్రపు కిరాయిని విలువలో కలపరు. కారు విలువకు రుజువుగా ఇద్దరు పాత కార్ల వ్యాపారుల దగ్గర ధర రాయించుకున్న కాగితాలు జతచేశాను. 50 వేల రూపాయలంటే అప్పటి 82 రూపాయల మారకంతో 610 డాలర్లు, దాని మీద 15 డాలర్ల పావు. అదే సరుకు బండి అయితే 25 శాతం కట్టాలి. 1960లలో అమెరికా కోళ్ల మీద ఐరోపా దేశాలు పన్ను పెంచినప్పుడు ప్రతీకారంగా వేసిన సుంకం అది, ట్రక్కుల మీద నేటికీ మిగిలిపోయింది. ఇవి 2023 నాటి లెక్కలని గుర్తుంచుకోండి. ఆ తర్వాత అమెరికా సుంకాలు చాలా మారాయి, మీరు బయలుదేరే నాటి రేటు చూసుకోవాల్సిందే.

2021, 2022లలో కంటైనర్ల కిరాయి భయపెట్టే స్థాయిలో ఉండటంతో ఆగాను. 2022 చివరికి దిగివచ్చింది. ముగ్గురు ఏజెంట్లను అడిగితే ఇద్దరు ఒక్క కారుకు మాకు తీరదన్నారు. మూడో ఆయన ఒప్పుకున్నారు.

ఆయన మనుషుల పనితనం గురించి మనస్ఫూర్తిగా చెప్పాలి. తమ్ముడు రెన్యువల్, ఎన్‌ఓసీ, పాత చలానాల చెల్లింపు పూర్తిచేసి కారును లారీ మీద చెన్నై పంపాడు. ఏజెంటు మొదట చేయించింది అడుగుభాగం కడిగించడం. విదేశీ మట్టి అంటుకుని వచ్చిన వాహనాన్ని అమెరికాలో దిగనివ్వరు. 24 ఏళ్లు చేలగట్ల మీద తిరిగిన కారు అది. చక్రాల పైఅంచుల్లో నల్లరేగడి రాయిలా గట్టిపడి ఉంది. ఆవిరితో రెండుసార్లు కడిగినా పోకపోతే మూడోసారి చెక్క పుల్లలతో గీకించి, ప్రతి మూలా ఫోటో తీసి నాకు పంపారు. ట్యాంకులో పెట్రోలు దాదాపు ఖాళీ చేశారు. బ్యాటరీ తీగలు విప్పి టేపు చుట్టారు. చక్రాలకు అడ్డుగా పెట్టిన చెక్క దిమ్మెల మీద పురుగులు లేకుండా శుద్ధి చేసిన చెక్కకు వేసే ముద్ర ఉందో లేదో ఒక్కొక్కటీ తిప్పి చూపించారు. ముద్ర లేని ఒక్క దిమ్మె ఉన్నా అమెరికాలో సరుకును వెనక్కి పంపగలరు.

అమ్మ డిక్కీలో రోలు పెట్టి పంపింది. ఆయన తీయించేశారు. కారులో ఇతర సామాను పెట్టి పంపవద్దని అమెరికా కస్టమ్స్ కూడా చెబుతుంది, దొంగల బెడదా ఉంటుంది, తనిఖీలో చిక్కులూ వస్తాయి. అమ్మకు కోపం వచ్చింది గాని ఆయన చేసిందే సరి. విడిభాగాలను మాత్రం వేరే పెట్టెలో, జాబితా రాసి, కంటైనర్లో పెట్టనిచ్చారు. క్లచ్ ప్లేటు, కార్బురేటర్ కిట్, బ్రేక్ షూలు, ఫ్యాన్ బెల్టులు, టైమింగ్ బెల్టు, నాలుగు కొత్త టైర్లు. టైర్ల సలహా కూడా ఆయనదే. 12 అంగుళాల కారు టైర్లు ఇక్కడి దుకాణాల్లో దొరకవని అప్పటికి నాకు తెలియదు.

ఫిబ్రవరిలో కంటైనరు చెన్నైలో ఓడ ఎక్కింది. కొలంబోలో ఓడ మారి, మొత్తం 47 రోజులకు వర్జీనియాలోని నార్ఫోక్ రేవు చేరింది. నా కష్టాలు మొదలైంది అమెరికా వైపు భాగస్వామి చేతికి ఫైలు వెళ్లాక.

అమెరికా రేవుకు వచ్చే ఓడలో సరుకు ఎక్కించడానికి కనీసం 24 గంటల ముందు దిగుమతిదారు వివరాలు కస్టమ్స్‌కు అందాలి. దాన్ని ఐఎస్ఎఫ్ అంటారు. ఆలస్యమైనా తప్పు రాసినా 5,000 డాలర్ల దాకా జరిమానా పడవచ్చు. ఆ జరిమానా ఏజెంటు మీద కాదు, దిగుమతిదారు మీద, అంటే నా మీద. ఆ సంగతి వారం ముందే చెప్పాల్సిన భాగస్వామి సంస్థ మనిషి, గడువుకు ఆరు గంటల ముందు నా పాస్‌పోర్టు నంబరు అడుగుతూ ఈమెయిలు పంపాడు. అప్పుడు నేను ఆసుపత్రి ఫార్మసీలో డ్యూటీలో ఉన్నాను. విరామంలో ఫోను చూసుకోబట్టి సరిపోయింది. మందు మోతాదు రాసిన కాగితాన్ని రెండుసార్లు చదివి గానీ సంతకం పెట్టని వృత్తి నాది. ఇంత ముఖ్యమైన పనిని చివరి గంటకు నెట్టడం నేను క్షమించలేను.

కొటేషన్‌లో అమెరికా వైపు ఖర్చు 600 డాలర్ల లోపు అని ఒకే వాక్యం ఉంది. అందులో ఏం కలిసి ఉన్నాయని నేను అడగలేదు. వాళ్లూ చెప్పలేదు. ఓడ వచ్చాక బిల్లులు ఒక్కొక్కటిగా రాసాగాయి. కస్టమ్స్ కాగితాలు చూసే బ్రోకరు రుసుము 425. ఐఎస్ఎఫ్, దానికి తప్పనిసరైన పూచీ పత్రం కలిపి 140. డెలివరీ ఆర్డరుకు, అంటే సరుకు అప్పగించమని ఇచ్చే పత్రానికి, 110. రేవు నుంచి గిడ్డంగికి కంటైనరు లాగి, కారు దింపినందుకు 690. కస్టమ్స్ వాళ్లు మా కంటైనరును తనిఖీకి ఎంచుకున్నారు. ముందు ఎక్స్‌రే తీశారు, తర్వాత తలుపులు తెరిచి చూశారు. ఏమీ దొరకకపోయినా తనిఖీ కేంద్రం ఖర్చు సరుకు యజమానిదే, 515. ఇది ఎవరి తప్పూ కాదు, కానీ ఇలా జరగవచ్చని కొటేషన్‌లో ఒక్క ముక్క ఉండాల్సింది. గిడ్డంగి అద్దె మరో 300. ఇది మాత్రం ముమ్మాటికీ వాళ్ల తప్పే. తనిఖీ ముగిసిందని నాకు తెలిసింది అయిదు రోజుల తర్వాత, అదీ నేనే గిడ్డంగికి ఫోను చేస్తే. ఆ అయిదు రోజుల అద్దెలో సగమైనా భరించమని అడిగాను. సమాధానం రాలేదు.

600 అన్న చోట సుంకంతో కలిపి 2,195 అయింది. నార్ఫోక్ నుంచి రాలీకి కారును లారీ మీద తెచ్చినందుకు మరో 480. ఇండియా వైపు లారీ 18,000, కడిగించడం 3,500, ఏజెంటు రుసుము, లాషింగ్ (కారును కంటైనర్లో కదలకుండా కట్టడం), కస్టమ్స్, రేవు ఖర్చులు 96,500 రూపాయలు, అంటే మొత్తం 1,439 డాలర్లు. ఓడ కిరాయి 2,350, బీమా 75. చెన్నై ఏజెంటు తాను రాసిచ్చిన అంకె మీద ఒక్క రూపాయి కూడా ఎక్కువ తీసుకోలేదు. మీరు కొటేషన్ తీసుకుంటే, దిగే రేవులో పడే ప్రతి ఖర్చునూ విడివిడిగా రాసివ్వమని పట్టుబట్టండి. తనిఖీ జరిగితే ఎంత, అద్దె ఏ రోజు నుంచి మొదలవుతుంది, సమాచారం ఎవరు చెబుతారు, ఈ మూడు ప్రశ్నలకు జవాబు లేని కాగితం మీద నేనిక సంతకం పెట్టను.

ఇంకొక జాగ్రత్త. కస్టమ్స్ విడుదల ఈ రోజుల్లో కంప్యూటర్లోనే జరిగిపోతుంది. కానీ రాష్ట్రంలో రిజిస్ట్రేషన్ చేసే డీఎంవీ వాళ్లు కస్టమ్స్ ముద్ర ఉన్న ఎంట్రీ పత్రం (దిగుమతి పత్రం) అడిగారు. ముద్ర వేయించిమ్మని బ్రోకరుకు మూడు ఈమెయిళ్లు రాశాను, చివరికి సెలవు పెట్టి నేనే వెళ్లి వేయించుకున్నాను. చాసిస్ నంబరు ఇక్కడి 17 అక్షరాల పద్ధతిలో లేకపోవడంతో డీఎంవీ కంప్యూటరు మొదట తీసుకోలేదు. కౌంటరులో ఉన్నామె ఓపికగా పై అధికారిని పిలిచి దారి కనుక్కున్నారు. రాష్ట్రం తీసుకునే పన్ను 3 శాతం, 18 డాలర్లు. బీమా మామూలు కంపెనీలు ఇవ్వలేదు. పాతకాలపు కార్లకు ముందే ఒప్పుకున్న విలువ మీద పాలసీ ఇచ్చే సంస్థ ఇచ్చింది.

ఇదంతా విని హైదరాబాదులోని మా పిన్ని కొడుకు, ఇక్కడి నుంచి తనకొక కారు పంపమన్నాడు. ఆ దిశలో ఆశ పెట్టుకోవద్దన్నాను. అప్పటికి పాత కారు మీద ఇండియాలో మూల సుంకమే 125 శాతం. పైగా మూడేళ్లు దాటకూడదు, స్టీరింగ్ కుడివైపు ఉండాలి, ముంబయి రేవు ద్వారానే దిగాలి. అమెరికా కార్లకు స్టీరింగ్ ఎడమవైపే కదా.

కారు సంగతికి వస్తే, 796 సీసీ, మూడు సిలిండర్లు, నాలుగు గేర్లు. ఇంటర్‌స్టేట్ (రాష్ట్రాల మధ్య పెద్ద రహదారి) మీదికి నేను తీసుకెళ్లను. పెద్ద ట్రక్కుల పక్కన 650 కిలోల కారులో ఉండటం క్షేమం కాదు. గంటకు 45 మైళ్ల లోపు రోడ్ల మీద హాయిగా నడుస్తుంది. కుడివైపు కూర్చుని రోడ్డుకు కుడివైపున నడపడం రెండు వారాల్లో అలవాటైంది. ఎడమవైపు మలుపుల దగ్గర మాత్రం ఎదురొచ్చే బండ్లు సరిగా కనబడవు, ఇప్పటికీ ఆగి ఆగి తిరుగుతాను. హెడ్‌లైట్ల వెలుగు మన రోడ్లకు తగ్గట్టు ఎడమకు వాలుతుంది, దించి సరిచేయించుకోవాల్సి వచ్చింది. ఏపీ 7 నంబరు పలకను గ్యారేజీ గోడకు తగిలించాను.

డిసెంబరులో ఒక ఉదయం, బయట మంచు పేరుకుని ఉంది. చోక్ లాగి, తాళం తిప్పి, వీడియో కాల్‌లో నాన్నకు ఇంజిను శబ్దం వినిపించాను. చూపు తగ్గింది గాని చెవి తగ్గలేదు. కాసేపు విని, "టాపెట్లు కొట్టుకుంటున్నాయమ్మా, గ్యాపు చూపించు" అన్నారు. ఇక్కడ పాత సుజుకీ మినీ ట్రక్కులను జపాన్ నుంచి తెప్పించుకుని పొలాల్లో వాడే రైతులున్నారు. వాటిలోవి, మన 800లోది ఒకే కుటుంబానికి చెందిన ఇంజిన్లు. వాటిని బాగుచేసే మెకానిక్ 40 మైళ్ల దూరంలో దొరికాడు. వచ్చే శనివారం తీసుకెళ్తున్నాను, చిన్న రోడ్ల మీదుగానే.