సీగిట్, లైటీ జంటతో ఎనిమిదేళ్లు

నా దగ్గర ఒక చిన్న అద్దె సర్వర్ ఉంది. 512 ఎంబీ మెమరీ, ఒకటే కోర్, పైన డెబియన్. గిట్ అంటే ఫైళ్లలో చేసే మార్పుల చరిత్రను దాచిపెట్టే ప్రోగ్రామ్, అలా దాచిన ఒక్కో ప్రాజెక్టు ఒక రిపాజిటరీ, పొట్టిగా రిపో. 2017 నుంచి నా గిట్ రిపాజిటరీలన్నీ దాని మీద నుంచే బయటి వాళ్లకు కనిపిస్తున్నాయి. ఇప్పటికి 43 రిపోలు అయ్యాయి. తెలుగు పదాల జాబితాలు, మా అమ్మ నోట విని రాసుకున్న సామెతల ఫైళ్లు, కీబోర్డు లేఅవుట్లు, ఆఫీసు పనికి రాసుకుని తర్వాత పంచుకున్న చిన్నా చితకా స్క్రిప్టులు. ఇవన్నీ వెబ్ పేజీలుగా చూపించే పని సీగిట్ అనే ప్రోగ్రామ్‌ది, దాన్ని నడిపించే వెబ్ సర్వర్ లైట్‌టీపీడీ. వాడేవాళ్లు దాన్ని లైటీ అనే పిలుస్తారు, నేనూ అలాగే రాస్తాను.

మొదట్లో ఇంత ఆలోచన లేదు. గిట్‌తో పాటే ఇన్‌స్టావెబ్ అనే కమాండ్ వస్తుంది. రిపో ఉన్న ఫోల్డర్‌లో దాన్ని కొడితే 1234 పోర్టులో ఒక వెబ్ పేజీ లేస్తుంది, కమిట్లు (గిట్‌లో నమోదైన మార్పులు), ఫైళ్లు బ్రౌజర్‌లో చూసుకోవచ్చు. ఏ సర్వర్ వాడాలో చెప్పకపోతే అది లైటీనే వెతుక్కుంటుంది. లైటీతో నా పరిచయం అలా జరిగింది. ఒక హెచ్చరిక కూడా ఇక్కడే చెప్పాలి. లోకల్ అని విడిగా చెప్పకపోతే ఇన్‌స్టావెబ్ పేజీ మీ ల్యాప్‌టాప్‌కే పరిమితం కాదు, అదే వైఫైలో ఉన్న వాళ్లందరికీ తెరుచుకుంటుంది. హాస్టల్లో ఉన్నప్పుడు నా సగం రాసిన ప్రాజెక్టును పక్క గది వాడు చదివేసి మర్నాడు సలహాలు కూడా ఇచ్చాడు.

ఇన్‌స్టావెబ్ చూపించేది గిట్‌వెబ్. అది పెర్ల్‌లో రాసింది. నాలుగైదు రిపోల వరకు బాగానే ఉంటుంది కానీ చిన్న సర్వర్ మీద ప్రతి పేజీకీ పెర్ల్ లేచి కూర్చోవడం తెలిసిపోతుంది. సీగిట్ సీ భాషలో రాసింది. లార్స్ యెమ్లీ మొదలుపెట్టాడు, తర్వాత వైర్‌గార్డ్ అనే వీపీఎన్ రాసిన జేసన్ డోనెన్‌ఫెల్డ్ చేతికి వచ్చింది. లినక్స్ కెర్నెల్ రిపోలను కెర్నెల్ డాట్ ఆర్గ్ చూపించేది దీంతోనే. గిట్ కోడ్‌ను తన లోపలే కలుపుకుని కంపైల్ అవుతుంది కాబట్టి ప్రతిసారీ గిట్ కమాండును పిలిచే పని లేదు. ఆ సంగతి తర్వాత ఒకసారి నాకు భలే తమాషాగా అడ్డం తిరిగింది, వస్తాను.

లైటీయే ఎందుకంటే, సీగిట్ పాతకాలపు సీజీఐ ప్రోగ్రామ్, అంటే పేజీ అడిగిన ప్రతిసారీ వెబ్ సర్వర్ దాన్ని నడిపి జవాబు తీసుకోవాలి. లైటీ సీజీఐని నేరుగా నడుపుతుంది. ఎన్‌జిన్‌ఎక్స్ అనే ఇంకో వెబ్ సర్వర్ నడపదు, మధ్యలో ఎఫ్‌సీజీఐ‌ర్యాప్ లాంటిది ఒకటి పెట్టాలి. ఒక పని తక్కువైతే ఒక తలనొప్పి తక్కువ. పైగా ఖాళీగా ఉన్నప్పుడు నా సర్వర్‌లో లైటీ తీసుకునే మెమరీ పది ఎంబీ కూడా దాటదు. బోలెడు మెమరీ తినే గిట్‌ల్యాబ్ పెట్టుకోమని సలహా ఇచ్చిన మిత్రుడికి నా సర్వర్ మెమరీ ఎంతో చెప్పాను. మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

పెట్టుకోవడం ఒక సాయంత్రం పని అనుకున్నాను, మూడు సాయంత్రాలు పట్టింది. తప్పు లైటీది కాదు, సీగిట్ కాన్ఫిగ్ ఫైల్‌ది. అందులో స్కాన్‌పాత్ అని ఒక లైను ఉంటుంది, ఫలానా ఫోల్డర్‌లో ఉన్న రిపోలన్నీ ఏరుకో అని. ఆ ఫైల్‌ను సీగిట్ పైనుంచి కిందికి చదువుతూ, ఆ లైను రాగానే అప్పటిదాకా చదివిన సెట్టింగులతోనే రిపోలను ఏరేస్తుంది. దాని కింద రాసిన రీడ్‌మీ (రిపో పరిచయం), స్నాప్‌షాట్ (జిప్‌గా దించుకోవడం) లాంటి సెట్టింగులు ఆ రిపోలకు అంటవు. ఎర్రర్ రాదు, లాగ్‌లో ఒక ముక్క ఉండదు, అన్నీ సరిగ్గా రాసినట్టే కనిపిస్తాయి. రెండు సాయంత్రాలు దానికే పోయాయి. ఎవరైనా ఇవాళ మొదలుపెడుతుంటే స్కాన్‌పాత్‌ను ఫైల్ చివరి లైనుగా పెట్టుకోండి. ఈ సమీక్షలో ఇంకేమీ గుర్తుపెట్టుకోకపోయినా ఫర్వాలేదు.

మూడో సాయంత్రం క్యాష్ (ఒకసారి తయారైన పేజీని దాచి మళ్లీ ఇవ్వడం) తినేసింది. మామూలుగా సీగిట్‌లో క్యాష్ ఆపేసి ఉంటుంది. వేగం కోసం ఆన్ చేశాను. కొత్త రిపో పెట్టాను, పేజీలో లేదు. పర్మిషన్లు చూశాను, ఫోల్డర్ పేరు చూశాను, లైటీని రెండుసార్లు రీస్టార్ట్ చేశాను. విసుగొచ్చి భోజనానికి వెళ్లి వచ్చేసరికి రిపో వచ్చి కూర్చుంది. క్యాష్ ఆన్‌లో ఉంటే ఫోల్డర్‌ను మళ్లీ ఏరడానికి 15 నిమిషాలు ఆగుతుందట. మాన్యువల్ పేజీలో రాసే ఉంది. చదవనిది నేనే.

ఇక తెలుగు. దీని గురించి ఎవరూ రాయగా నేను చూడలేదు కాబట్టి కాస్త ఎక్కువ రాస్తాను. నా కమిట్ మెసేజ్‌లు సగం తెలుగులో ఉంటాయి. ఒకరోజు లాగ్ పేజీ తెరిస్తే ఒక లైను ఇలా ఉంది: "సామెతల ఫైల్లో రెండు సార్లు వ", దాని పక్కన ప్రశ్నార్థకం ఉన్న నల్ల డైమండ్, ఆ తర్వాత మూడు చుక్కలు. నేను రాసింది "సామెతల ఫైల్లో రెండు సార్లు వచ్చినవి తీసేశాను" అని. ఫాంట్ పోయిందేమో, ఎన్‌కోడింగ్ పాడైందేమో అని ఎక్కడెక్కడో వెతికాను. అసలు సంగతి, సీగిట్ మెసేజ్‌ను 80 దగ్గర కోస్తుంది. ఆ 80 అక్షరాలు కాదు, బైట్లు. ఇంగ్లీషులో రెండూ ఒకటే. యూటీఎఫ్-8లో తెలుగు గుర్తు ఒక్కోదానికి మూడు బైట్లు కావాలి, గుణింతం, పొల్లు, వత్తు అన్నీ విడివిడిగా లెక్క. అంటే ఇంగ్లీషు వాడికి ఒక వాక్యం పట్టే చోట మనకు నాలుగు మాటలు. చివరి మూడు చుక్కలు కూడా ఆ 80లోనే కలిపి లెక్కపెడుతుంది కాబట్టి మిగిలేవి 77. నా లైనులో "సార్లు" తర్వాతి ఖాళీ దాకా 73 అయ్యాయి, "వ"కు మూడు పోగా "చ"కు మిగిలింది ఒక్క బైటు. ఆ ఒంటి బైటే నల్ల డైమండ్. కాన్ఫిగ్‌లో మ్యాక్స్ మెసేజ్ లెంగ్త్‌ను 240 చేశాను, అంతే. రిపో వివరణకూ అలాంటిదే విడిగా ఒక సెట్టింగ్ ఉంది, దాన్నీ పెంచాలి.

ఫైల్ పేర్లు తెలుగులో పెడితే ఇంకో వేషం. టెర్మినల్‌లో గిట్ స్టేటస్ కొడితే "సామెతలు" అన్న పేరు 340, 260, 270 అంటూ అంకెల వరుసగా కనిపిస్తుంది. గిట్ సెట్టింగుల్లో కోట్‌పాత్ అనేదాన్ని ఫాల్స్ చేస్తే తెలుగు తెలుగులాగే కనిపిస్తుంది. సీగిట్ పేజీలో మాత్రం పేరు చక్కగానే ఉంది. లింకు కాపీ చేసి వాట్సాప్‌లో పంపినప్పుడే గోల. "సామెతలు" అనే ఏడు గుర్తుల పేరు లింకులో శాతం గుర్తులతో కలిపి 63 అయి కూర్చుంటుంది. మా చిన్నాన్న కూతురు ఆ లింకు చూసి "అన్నయ్యా, ఇది వైరస్సా?" అని అడిగింది. అప్పటి నుంచి ఫైల్ పేర్లు ఇంగ్లీషులో, లోపల తెలుగు. మనసొప్పక చేసిన పని అది.

ఇక క్లోన్ సంగతి, అంటే రిపోను తమ కంప్యూటర్‌లోకి దించుకోవడం. సీగిట్ తనంతట తానే క్లోన్ ఇస్తుంది కానీ అది పాత పద్ధతి, డంబ్ ప్రోటోకాల్ అంటారు. ఫైళ్లను ఉన్నవి ఉన్నట్టు అందించడం తప్ప ఏం కావాలని అడిగి తెలుసుకునే తెలివి దానికి లేదు. కొన్నాళ్లు అదే సరిపోయింది. ఒకసారి ఒక ఇంజినీరింగ్ కుర్రాడు పదాల జాబితాను డెప్త్ 1 పెట్టి చివరి కమిట్ ఒక్కటే దించుకోబోతే, ఈ డంబ్ రవాణాకు షాలో (పాత చరిత్ర లేకుండా దించడం) చేతకాదని ఎర్రర్ వచ్చింది. మొబైల్ డేటా మీద ఉన్నాడు పాపం. ఆ రాత్రే, ఏం కావాలో తెలుసుకుని ఇచ్చే గిట్ హెచ్‌టీటీపీ బ్యాకెండ్‌ను లైటీకి తగిలించాను. 1.6.6 నుంచి గిట్‌లో ఉన్నదే, ఏడెనిమిది లైన్ల కాన్ఫిగ్. రిపో చూడాలంటే సీగిట్, దించుకోవాలంటే బ్యాకెండ్. పుష్ (నా మార్పులు సర్వర్‌కు పంపడం) మాత్రం నేను ఎప్పుడూ ఎస్‌ఎస్‌హెచ్ అనే సురక్షిత లాగిన్ మీదే, వెబ్ వైపు రాయడానికి తలుపే పెట్టలేదు. ఆ కుర్రాడికి తర్వాత పని అయిందా అని నేను అడగలేదు, అతనూ చెప్పలేదు. కృతజ్ఞతలు ఆశించేవాళ్లు ఈ పనిలోకి రాకూడదు.

డంబ్ పద్ధతిలో 2018లో ఒక పెద్ద కన్నం కూడా బయటపడింది. క్లోన్ ఆన్‌లో ఉన్న సీగిట్‌ను పట్టుకుని సర్వర్‌లోని వేరే ఫైళ్లు కూడా చదివేయొచ్చని తేలింది. ఆగస్టులో సీగిట్ 1.2.1 వచ్చి దాన్ని పూడ్చింది. డెబియన్ అప్‌డేట్ కూడా వెంటనే వచ్చింది కాబట్టి నాకు నష్టం జరిగినట్టు కనిపించలేదు. కానీ బ్యాకెండ్ పెట్టాక సీగిట్ సొంత క్లోన్‌ను ఆపేశాను.

పదేపదే విసిగించింది హెచ్‌టీటీపీఎస్ సర్టిఫికెట్. అప్పటి లైటీకి కీ, సర్టిఫికెట్ రెండూ ఒకే ఫైల్‌లో కలిపి ఇవ్వాలి. సర్టిఫికెట్లు ఉచితంగా ఇచ్చే లెట్స్ ఎన్‌క్రిప్ట్ వాళ్లది గడువు 90 రోజులే. పునరుద్ధరణ జరుగుతుంది, కొత్త ఫైల్ వస్తుంది, లైటీ మాత్రం పాతదే పట్టుకుని కూర్చుంటుంది. రెండుసార్లు గడువు దాటి బ్రౌజర్లు ఎర్ర పేజీ చూపించాక గానీ నేను కలిపి రీస్టార్ట్ చేసే హుక్ (పునరుద్ధరణ కాగానే దానంతట అదే నడిచే స్క్రిప్టు) రాయలేదు. లైటీ 1.4.53 నుంచి కీని విడిగా ఇవ్వొచ్చు. ఇప్పుడు పెట్టుకునేవాళ్లకు ఈ బాధ చాలావరకు లేదు.

ఇందాక వస్తానన్న తమాషా ఇదీ. రిపో ఫోల్డర్ వేరే యూజర్‌ది అయితే గిట్ దాన్ని నమ్మదు. 2022 ఏప్రిల్లో పెట్టిన తనిఖీ అది, 2024 మేలో వచ్చిన సెక్యూరిటీ సవరణలు దాన్ని ఇంకా బిగించాయి. నా రిపోలు గిట్ అనే యూజర్‌వి, లైటీ నడిచేది ఇంకో యూజర్ కింద. ఒక అప్‌డేట్ తర్వాత క్లోన్లు మొత్తం ఆగిపోయాయి. నాకు వారం దాకా తెలియలేదు. ఎందుకంటే నేను రోజూ చూసుకునే సీగిట్ పేజీలు బ్రహ్మాండంగా తెరుచుకుంటున్నాయి! దాని పొట్టలో ఉన్నది పాత గిట్ కోడ్, దానికి ఈ అనుమానాలేవీ తెలియవు. సీగిట్‌కు 2020లో 1.2.3 వచ్చాక ఏళ్ల తరబడి కొత్త విడుదలే లేదు మరి. సిస్టమ్ స్థాయి గిట్ కాన్ఫిగ్‌లో సేఫ్ డైరెక్టరీ అని ఆ ఫోల్డర్లను రాస్తే సర్దుకుంది. ఇప్పుడు రోజుకొకసారి ఒక రిపోను బయటి నుంచి నిజంగా క్లోన్ చేసి చూసే క్రాన్ పెట్టాను.

ఇన్నాళ్లలో వచ్చిన ఇబ్బందులన్నీ ఒక ఎత్తు, ఏఐ కోసం పేజీలు ఊడ్చుకుపోయే బాట్లు ఒక ఎత్తు. ఒక ఉదయం సర్వర్‌లోకి లాగిన్ కూడా కాలేకపోయాను. చివరికి ప్రొవైడర్ కన్సోల్ నుంచి చూస్తే వరుసగా సీగిట్ ప్రాసెస్‌లు, మెమరీ అయిపోయి కెర్నెల్ ఒక్కోదాన్ని చంపుతోంది. లాగ్ చూస్తే వేలకొద్దీ వేరువేరు ఐపీలు, ఒక్కోటి ఒకటి రెండు పేజీలు అడిగి మాయం. అడిగినవి ఏమిటంటే మూడేళ్ల కిందటి కమిట్‌కూ ఆరేళ్ల కిందటి కమిట్‌కూ తేడా, ప్రతి ఫైల్‌కూ బ్లేమ్ (ఏ లైను ఎవరు రాశారో చూపే పేజీ), ప్రతి కమిట్‌కూ జిప్ ఫైల్. సీగిట్‌లో ఏ రెండు కమిట్ల మధ్యనైనా తేడా అడగొచ్చు. 3000 కమిట్లున్న రిపోకు ఆ లెక్కన 90 లక్షల చిరునామాలు. క్యాష్ ఏ మూలకూ రాదు, అడిగిన పేజీ మళ్లీ ఎవరూ అడగరు కాబట్టి. లింకుల వెంట పడొద్దని సీగిట్ ప్రతి పేజీలోనూ రోబోలకు చెబుతూనే ఉంటుంది. వినేదెవరు.

ఇది నా ఒక్కడి గోడు కాదు. తన గిట్ సర్వర్ ఇలాగే మునిగిపోతుంటే షీ ఐయాసో అనే ప్రోగ్రామర్ 2025 జనవరిలో అనూబిస్ అనే కాపలా ప్రోగ్రామ్ రాసి వదిలారు. పేజీ ఇచ్చే ముందు బ్రౌజర్ చేత చిన్న లెక్క చేయిస్తుంది. కెర్నెల్ డాట్ ఆర్గ్ కూడా దాన్ని గుమ్మంలో నిలబెట్టింది. నా 512 ఎంబీలో ఇంకో ప్రోగ్రామ్ పెట్టబుద్ధి కాలేదు. లైటీలోనే బ్లేమ్, స్నాప్‌షాట్ దారులు మూసేశాను, రెండు కమిట్ల తేడా అడిగే చిరునామాలకు 403 (అనుమతి లేదు) ఇస్తున్నాను. ఆరు లైన్లు. సీగిట్ దాకా పోకుండా గుమ్మంలోనే తిప్పి పంపడం లైటీకి ఏమాత్రం బరువు కాదు. లోడ్ ఆ గంటలోనే పడిపోయింది. నిజంగా బ్లేమ్ కావాల్సినవాళ్లు క్లోన్ చేసుకుని తమ కంప్యూటర్‌లో చూసుకోవచ్చు. కానీ సీగిట్ పెట్టుకున్నదే బ్రౌజర్‌లో చూపించడానికి కదా. ఆ సగం నేనే మూసేశాను.

ఎవరికి నప్పుతుంది అంటే, ఒక్కరే లేదా ఇద్దరు ముగ్గురు రాసుకునే కోడ్‌ను ఊరందరికీ చూపించాలనుకునేవాళ్లకు. ఇష్యూలు, పుల్ రిక్వెస్టులు, యూజర్ ఖాతాలు ఇందులో లేవు, రావు. నలుగురు కలిసి పనిచేసే టీమ్ అయితే ఫోర్జియో లాంటిది పెట్టుకోండి, ఒక జీబీ మెమరీ ఎక్కువ కొనుక్కోండి. ఇవాళ కొత్తగా మొదలుపెట్టాల్సి వస్తే నేను స్టాగిట్ వైపు చూసేవాణ్ణేమో. అది పుష్ చేసినప్పుడల్లా పేజీలను మామూలు హెచ్‌టీఎంఎల్ ఫైళ్లుగా రాసి పెడుతుంది, బాట్లు ఎన్ని వచ్చినా లైటీ నవ్వుకుంటూ ఇస్తుంది. కానీ వెతుకులాట పేజీ ఉండదు, రిపో పెద్దదైతే మొదటిసారి రాయడానికి చాలాసేపు పడుతుంది. 43 రిపోల లింకులు మార్చే ఓపిక కూడా నాకు లేదు.

మొన్న ఒకాయన మెయిల్ పెట్టారు, పదాల జాబితా జిప్ లింకు పనిచేయడం లేదని. క్లోన్ కమాండ్ డెప్త్ 1తో సహా రాసి పంపాను. ఐదు నిమిషాలకు జవాబు వచ్చింది: "వచ్చిందండీ. మూడో ఫైల్లో 'పెరుగు' రెండుసార్లు ఉంది."