ఆరేళ్ళ వాడకం తర్వాత: ససెప్టిబిలిటీ మీటరు, దాని పక్కన త్రాసు

రాళ్ళ కొలతలకి ఆరేళ్ళుగా నేను వాడుతున్నవి రెండే: రాయి అయస్కాంతానికి ఎంత స్పందిస్తుందో అంకెల్లో చెప్పే, అరచేతిలో ఇమిడే అయస్కాంత ససెప్టిబిలిటీ మీటరు; రాయిని నీళ్ళలో వేలాడదీసి తూచడానికి అడుగున కొక్కెం ఉన్న ఎలక్ట్రానిక్ త్రాసు. కొత్తలో మోజంతా మీటరు మీదే. ఇప్పుడడిగితే త్రాసుకే రెండు మార్కులు ఎక్కువేస్తాను.

మీటరు వాడకం తేలికే. గాలిలో ఒకసారి, రాయికి ఆనించి ఒకసారి, మళ్ళీ గాలిలో ఒకసారి. ఆ చివరిది బద్ధకించి వదిలేస్తే, ఎండకి వేడెక్కిన మీటరు లోపలి తీగచుట్ట (కాయిల్) తెచ్చే తేడా అంతా రాయి ఖాతాలో పడుతుంది. పైగా అది చూసేది పైపై రెండు మూడు సెంటీమీటర్లనే. రాయి ముఖం ఎగుడుదిగుడుగా ఉంటే రీడింగు తగ్గిపోతుంది. అందుకే ఒక్కో రాయి మీద పది చోట్ల తీస్తాను.

మొదటి ఏడాది ఒక పలచటి సున్నపురాయి పలక నన్ను రెండు రోజులు తిప్పలు పెట్టింది. సున్నపురాయిలోని ఖనిజం కాల్సైట్, అది స్వచ్ఛంగా ఉంటే రీడింగు సున్నాకి కాస్త కిందే ఉండాలి. నాకేమో ప్రతిసారీ ప్లస్సే. తీరా వంగి చూస్తే బల్ల చెక్క కింద ఇనుప పట్టీ!

మీటరుకి తిరుగులేనిది గ్రానైట్ల దగ్గర. రెండు గ్రానైట్ ముక్కలు, రెండూ 2.65 సాంద్రతే, కంటికి కవలలే. ఒకటి 12×10⁻³ ఎస్.ఐ. (నేటి అంతర్జాతీయ ప్రమాణాల్లో) చూపిస్తుంది, రెండోది 0.2×10⁻³ దాటదు. జపాన్ భూవిజ్ఞాని ఇషిహారా 1977లో విడదీసిన మాగ్నటైట్ (బలమైన అయస్కాంత గుణమున్న ఇనుప ఖనిజం), ఇల్మనైట్ (ఆ గుణం తక్కువున్న ఇనుము-టైటానియం ఖనిజం) శ్రేణులు ఇవే. రెండిటినీ విడదీసే గీత సుమారు 3×10⁻³ దగ్గర. పాత పట్టికల్లో అంకెలు సి.జి.ఎస్. (పాత సెంటీమీటరు-గ్రాము-సెకండు పద్ధతి)లో ఉంటే, ఎస్.ఐ.కి మార్చడానికి 12.57తో హెచ్చించాలి, మరచిపోయి ఒకసారి పరువు పోగొట్టుకున్నాను.

ఇక త్రాసు. ఒకరోజు నల్లటి బరువైన రాయి వచ్చింది. మీటరు 60×10⁻³ అంది, బసాల్ట్ (గట్టిపడ్డ లావా రాయి) అని రాసేశాను. తూస్తే గాలిలో 412.6 గ్రాములు, నీళ్ళలో వేలాడదీస్తే 256.1. తేడా 156.5, గాలిలో బరువుని దానితో భాగిస్తే సాంద్రత 2.64. గట్టి బసాల్ట్ 2.9 దగ్గరుండాలి కదా! పగలగొట్టి చూస్తే ఆకుపచ్చ జారుడు ముఖం: సర్పెంటినైట్. భూమి లోతుల్లోని బరువైన రాయి పెరిడొటైట్ నీరు పీల్చి సర్పెంటినైట్‌గా మారేటప్పుడు సాంద్రత 3.3 నుంచి పడిపోతుంది, మాగ్నటైట్ పుట్టి అయస్కాంత గుణం పెరుగుతుంది. మీటరు ఒక్కటే ఉంటే ఆ తప్పు లేబులు పెట్టెలో అలాగే ఉండేది.

త్రాసుకి ఓపిక కావాలి. ఇసుకరాయిని నీళ్ళలో దించితే బుడగలు వస్తూనే ఉంటాయి, అంకె పెరుగుతూనే ఉంటుంది. ముందు వాక్యూమ్‌లో తడిపి, తడి బరువు కూడా తీసి, పొడి బరువుని తడి బరువు, నీటిలోని బరువుల తేడాతో భాగించాలి. దారానికి అంటిన బుడగని కూడా బ్రష్‌తో తుడవాలి.

ఫిర్యాదులా? మీటరు తెర మిట్టమధ్యాహ్నం కనబడదు, చెయ్యి అడ్డం పెట్టుకోవాలి. బ్యాటరీ మూత మూడో ఏడే ఊడింది. అప్పటి నుంచీ రబ్బరు బ్యాండే కాపలా.